‘ది పాపీ వార్’ సగంలో ఆగిపోయింది, పూర్తి చేయాలా? ఒకరు అద్భుతం, ఒకరు ఘోరం అంటున్నారు, ఎవర్ని నమ్మాలి?

ఒంగోలు నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. హాస్టల్లో రూమ్మేటు ఊదరగొడితే ఆర్. ఎఫ్. క్వాంగ్ రాసిన ‘ది పాపీ వార్’ అనే ఇంగ్లీషు ఫాంటసీ నవల కొన్నారట. స్కూలు భాగం రెండు రాత్రుల్లో అయిపోయింది. యుద్ధం మొదలై, రేవు పట్నం ముట్టడి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. మూడు వారాలుగా పుస్తకం దిండు పక్కనే పడుంది. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకరు ఇలాంటిది ఇంకోటి లేదంటారు, ఒకరు ఇంత క్రూరత్వం ఎందుకంటారు, ఇంకొకరు ఆ హీరోయిన్ని రెండు తగిలించాలనిపించిందంటారు. పూర్తి చేయాలా, ఇంటర్ ఫస్టియర్ చదివే తమ్ముడు అడుగుతున్నాడు ఇవ్వొచ్చా, అని రెండు సందేహాలు.

ముందు జవాబు చెప్పేస్తాను. పూర్తి చేయండి. 21వ అధ్యాయం మాత్రం దాటేసినా తప్పులేదు. తమ్ముడికి ఇప్పుడే వద్దు. ఎవర్ని నమ్మాలంటారా, ముగ్గుర్నీ నమ్మండి. ఆ ముగ్గురూ మూడు పుస్తకాల గురించి మాట్లాడుతున్నారు, అట్ట మాత్రం ఒకటే.

ఇక ఎందుకో చెబుతాను. కొంచెం పెద్దదవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి. మధ్యలో కథ చివర కూడా చెప్పాల్సి వస్తుంది. అక్కడికొచ్చేముందు హెచ్చరిస్తాను.

నేను నెల్లూరులో ట్రంకు రోడ్డు వెనక సందులో 1984 నుంచి 27 ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపాను. విమర్శకుణ్ణి కాను, సాహిత్యంలో డిగ్రీ కూడా లేదు. నాకు తెలిసిందల్లా పుస్తకం తీసుకెళ్ళిన మనిషి తిరిగి తెచ్చేటప్పుడు ఏ మొహంతో తెస్తాడన్నది. షాపు మూసేశాక మిగిలిన పుస్తకాలు ఇంట్లో మేడ మీద గదిలో సర్దుకున్నాను. ఇప్పుడు అద్దె లేదు, డిపాజిట్ లేదు. తెలిసినవాళ్ళు వస్తారు, తీసుకెళ్తారు, నోటు పుస్తకంలో పేరు రాసి తేదీ వేస్తారు. ఈ నవల నా దగ్గర ఒక్క కాపీ ఉంది. ఇప్పటికి 14 మంది చదివారు. పూర్తిగా చదివినవాళ్ళు తొమ్మిది మంది.

మిగతా ఐదుగురూ ఎక్కడ ఆగారో నేను ఎవర్నీ అడగక్కర్లేదు. పేపర్‌బ్యాక్ పుస్తకాన్ని ఎక్కడ బోర్లా పడేస్తే వెన్ను మీద అక్కడ ఒక తెల్లగీత పడుతుంది. పుస్తకాలు అద్దెకిచ్చేవాడు ఆ గీతల్ని జాతకం చదివినట్టు చదువుతాడు. నా కాపీ వెన్ను మొదటి మూడో వంతు నున్నగా ఉంటుంది, ఎవరూ ఆపలేదన్నమాట. తర్వాత ఒక్కచోట ఏడెనిమిది గీతలు గుంపుగా ఉంటాయి. అది ఖుర్దలైన్ అనే ఆ రేవు పట్నం ముట్టడి. మీరు ఆగింది కూడా సరిగ్గా అక్కడే! కాబట్టి మీలో ఏదో లోపం ఉందనుకోకండి.

ఇది మూడు భాగాల పుస్తకం. మూడూ ఒక జాతివి కావు.

మొదటి భాగం పరీక్షల కథ. రిన్ అనే అనాథ పిల్ల, దక్షిణాన మూలనున్న పల్లెటూరు. పెంచినవాళ్ళు దొంగతనంగా నల్లమందు అమ్ముకునే కుటుంబం. పిల్లని వ్యాపారానికి పనికొచ్చే ఒక ముసలాయనకి కట్టబెట్టాలని చూస్తారు. తప్పించుకోవాలంటే దేశమంతటికీ పెట్టే ‘కేజూ’ పరీక్షలో ర్యాంకు కొట్టి, రాజధానిలో ఉన్న సినెగార్డ్ యుద్ధ విద్యాలయంలో ఉచిత సీటు తెచ్చుకోవడం ఒక్కటే దారి. నిద్ర రాకుండా చేతుల మీద కొవ్వొత్తి మైనం కార్చుకుంటూ చదువుతుంది. ర్యాంకు వచ్చాక, ఇంత పేదపిల్లకి ఇన్ని మార్కులా, కాపీ కొట్టి ఉంటుందని అనుమానిస్తారు. అక్కడికి వెళ్ళాక నల్లటి రంగుని, పల్లె యాసని వెక్కిరిస్తారు.

ఇది నెల్లూరు వాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పాల్సిన కథ కాదు. ఈ ఊళ్ళో ప్రతి సందులో ఒక రెసిడెన్షియల్ కాలేజీ ఉంది. ఉదయం ఐదింటికి స్టడీ అవరుకి లేచి, కిటికీ ఊచలకి తడి తువ్వాలు ఆరేసి కూర్చునే పిల్లలు మనకి తెలుసు. నీట్‌కి లాంగ్‌టర్మ్ తీసుకుంటున్న ఆత్మకూరు వైపు అమ్మాయి ఈ భాగాన్ని ఒక ఆదివారం మధ్యాహ్నం మా మేడ మెట్ల మీదే కూర్చుని చదివేసింది. వారం తర్వాత పుస్తకం తిరిగిచ్చేస్తూ “సీటొచ్చింది కదా తాతా, నాకు ఇక్కడిదాకా చాలు” అంది. ఆ పిల్ల దృష్టిలో ఇది సుఖాంతమైన నవల. ఎవరైనా అడిగితే మంచి ఇన్‌స్పిరేషన్ పుస్తకం అనే చెబుతుంది. అది అబద్ధం కాదు.

(కేజూ రచయిత్రి కల్పన కాదు. చైనాలో ప్రభుత్వ ఉద్యోగాలకి వందల ఏళ్ళు అలాంటి పరీక్షలు నడిచాయి. 1905లో రద్దు చేశారు.)

రెండో భాగం యుద్ధం. ఇక్కడ కథ నెమ్మదిస్తుంది. పేర్లు పెరుగుతాయి, ధాన్యం నిల్వలు, సైనికాధికారుల తగాదాలు, దేవతల్ని ఒంట్లోకి పిలిపించుకునే షామన్ల చిన్న దళం ఒకటి. మన భాషలో చెప్పాలంటే పూనకం వచ్చేవాళ్ళు. రిన్ కూడా వాళ్ళలో ఒకతె. గసగసాల మొక్క నుంచి తీసిన నల్లమందు సాయంతో ఫీనిక్స్ అనే అగ్నిదేవతని పిలవడం నేర్చుకుంటుంది. నిజం చెప్పాలంటే ముట్టడి పేజీలు నాకూ సాగదీతగానే అనిపించాయి. మీరు ఆగింది భయపడి కాదు, విసుగొచ్చి. ఆ తేడా ముఖ్యం, మళ్ళీ చెబుతాను.

మూడో భాగంలో పుస్తకం రంగు మారిపోతుంది. “ఇంత క్రూరత్వమా” అన్నవాళ్ళు మాట్లాడేది దీని గురించే.

పేరు చూసి మా ఆవిడ “ఏందీ, గసగసాల యుద్ధమా?” అని నవ్వింది. ఆ మాట నిజానికి చాలా దగ్గర. మసాలా కూరలో నూరి వేసే గసగసాలు, నల్లమందు, పాపీ అనే ఒకే మొక్కవి. బ్రిటన్ చైనాతో 1839 నుంచి 42 దాకా ఒకసారి, 1856 నుంచి 60 దాకా ఇంకోసారి నల్లమందు కోసం యుద్ధం చేసింది. ఆ సరుకులో చాలా భాగం మన దేశంలో పండిందే. పట్నా, గాజీపూర్ ఫ్యాక్టరీల్లో ఉండలు కట్టి, పెట్టెల్లో సర్ది, కలకత్తా నుంచి ఓడలెక్కించారు. నవలలో నికాన్ దేశం అంటే చైనా, ముగెన్ అంటే జపాను, హెస్పీరియా అంటే తెల్లవాళ్ళు. పేర్లు మార్చారంతే, ముసుగు పలచటిదే.

ఇక ఆ 21వ అధ్యాయం. గోలిన్ నీస్ అనే నగరంలోకి శత్రుసైన్యం వచ్చి వెళ్ళిపోయాక రిన్ అక్కడికి చేరుతుంది. ఏం జరిగిందో కళ్ళతో చూస్తుంది, బతికి బయటపడినవాళ్ళ నోట వింటుంది. అది కల్పన కాదు. 1937 డిసెంబరు 13న జపాను సైన్యం చైనా రాజధాని నాన్‌జింగ్‌లో ప్రవేశించి, ఆరు వారాల పాటు చేసిన ఘాతుకాల్ని తెచ్చి అక్కడ పెట్టింది రచయిత్రి. చైనా ప్రభుత్వ లెక్క ప్రకారం చచ్చిపోయినవాళ్ళు 3 లక్షలు. ఆ తర్వాత వచ్చే ప్రయోగశాల కూడా అంతే. మనుషుల మీద రోగాల ప్రయోగాలు చేసిన జపాను సైన్యం యూనిట్ 731 నిజంగానే హార్బిన్ దగ్గర ఉండేది.

ఇది తెలిసి చదవడం వేరు, తెలియక చదవడం వేరు. తెలియనివాడికి “ఈ రచయిత్రి మనసులో ఇంత విషం ఎందుకుంది?” అనిపిస్తుంది. తెలిసినవాడికి “ఇంకా తగ్గించే రాసింది” అనిపిస్తుంది. మా దగ్గరికి కావలి నుంచి ఒక సోషల్ మాస్టారు వస్తారు. ఆయనది ఈ రెండో రకం. ఆయనకి స్కూలు భాగం పిల్లల ఆటలా అనిపించిందట, అసలు నవల చివరి మూడో వంతే అంటారు. పిల్లలకి రెండో ప్రపంచ యుద్ధం అంటే హిట్లర్, హిరోషిమా రెండే తెలుసని, మధ్యలో చైనా అనేది ఒకటుందని ఈ పుస్తకం చదివిన కుర్రాళ్ళకే తెలిసిందని ఆయన వాదన. నీట్ అమ్మాయి, మాస్టారు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే ఒకే పుస్తకం చదివారని మీరు నమ్మరు.

మూడో మనిషి నర్సు. ప్రభుత్వాసుపత్రిలో ప్రసూతి వార్డులో చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యారు. 21వ అధ్యాయం చదివి కంగారు పడతారేమోనని నేను ముందే చెప్పాను. ఆవిడ దాన్ని మామూలుగానే చదివేశారు. ఆవిడకి కోపం వచ్చింది స్కూలు భాగంలో ఒక చిన్న చోట. నెలసరి వల్ల చదువు పాడవుతోందని రిన్ వైద్యుడి దగ్గరికెళ్ళి, ఒక మందు తాగి, గర్భసంచిని శాశ్వతంగా పాడుచేసుకుంటుంది. ఆ మందు తాగిన రోజు నొప్పి తప్ప ఇంకే ఇబ్బందీ లేనట్టు కథ ముందుకెళ్ళిపోతుంది. “నొప్పి ఒక్కరోజుదా సార్? ఇరవై ఏళ్ళకే ఆపరేషన్ చేయించుకున్న ఆడోళ్ళని నేను ఎంతమందిని చూసినాను. రాసినామెకి ఏం తెలుసు?” అన్నారు. రక్తపాతం మీద ఇన్ని రివ్యూలు చదివాను, ఈ మాట ఒక్కచోట చూడలేదు. నాకు మాత్రం పుస్తకం మీద వచ్చిన అభ్యంతరాల్లో ఇదే గట్టిదనిపించింది. ఒక్క మాట చెప్పాలి, క్వాంగ్ ఇది రాయడం మొదలుపెట్టేనాటికి 19 ఏళ్ళది. 2018లో పుస్తకం వచ్చేనాటికి 22 కూడా నిండలేదు. మరుసటి ఏడాది, తొలి పుస్తకాలకిచ్చే క్రాఫర్డ్, కాంప్టన్ క్రుక్ అవార్డులొచ్చాయి. ఆ వయసులో అంత పెద్ద బరువు ఎత్తుకున్నందుకు మెచ్చుకోవాలి. అక్కడక్కడ వయసు తెలిసిపోతుందన్నదీ నిజమే.

ఇక్కడ నుంచి కథ చివర చెబుతున్నాను. వద్దనుకుంటే గీత దాకా దాటేయండి.

హీరోయిన్ని కొట్టాలనిపించిందన్నవాళ్ళ సంగతి ఇది. చివర్లో రిన్ అగ్నిదేవతకి తనని తాను పూర్తిగా ఒప్పజెప్పేసి, ముగెన్ దీవిని అగ్నిపర్వతంతో పేల్చేస్తుంది. సైనికుల్నే కాదు, చంటిపిల్లలతో సహా దేశం మొత్తాన్ని. చేశాక కూడా దాదాపు సమర్థించుకుంటుంది. పేదపిల్లగా, బక్కచిక్కిన పరీక్షల పిల్లగా మనం భుజాన ఎత్తుకుని వచ్చిన మనిషి ఇలా తేలేసరికి చాలామందికి మోసపోయినట్టు అనిపిస్తుంది.

మా మేడ మీద దీని మీద ఒక సాయంత్రం పెద్ద గొడవే జరిగింది. బీటెక్ చదివే కుర్రాడు, వెంకటగిరి వాడు, “వాళ్ళు చేసినదానికి ఇది కరెక్టే” అన్నాడు. బ్యాంకులో చేసి రిటైరైన పెద్దాయన లేచి నిలబడ్డారు. “రేయ్ అబ్బయా, ఉయ్యాల్లో ఉండే బిడ్డ ఏం చేసిందిరా?” అన్నారు. వాడు తగ్గలేదు. “గోలిన్ నీస్‌లో ఉయ్యాల్లో బిడ్డలు ఏం చేశారు?” అన్నాడు. టీ చల్లారిపోయింది.

నేనప్పుడు ఏమీ మాట్లాడలేదు. రాత్రి పడుకోబోతుంటే తట్టింది, ఈ కథ మనకి కొత్తదేం కాదే అని. సౌప్తిక పర్వం గుర్తు తెచ్చుకోండి. తండ్రిని అబద్ధం చెప్పి చంపారన్న కడుపుమంటతో అశ్వత్థామ మర్రిచెట్టు కింద నిద్రపట్టక పడుకుని ఉంటాడు. పైన గూళ్ళల్లో నిద్రపోయే కాకుల్ని గుడ్లగూబ వచ్చి చంపుతుంటే చూస్తాడు. ఆలోచన పుట్టేది అక్కడే. పాండవ శిబిరం వాకిట శివుణ్ణి మెప్పిస్తాడు. శివుడు కత్తి ఇచ్చి, అతని ఒంట్లో తానే ప్రవేశిస్తాడు. ఆ తర్వాత నిద్రలో ఉన్న ధృష్టద్యుమ్నుణ్ణి, ఉపపాండవుల్ని, సైన్యం మొత్తాన్ని చంపేస్తాడు. పారిపోయేవాళ్ళని వాకిళ్ళ దగ్గర కృపుడు, కృతవర్మ చంపుతారు. తెల్లారాక కూడా కసి తీరక, ఉత్తర కడుపులో బిడ్డ మీదికి అస్త్రం వదులుతాడు.

గాయపడ్డ మనిషి, ఒంట్లో దేవుడు, అడ్డూ అదుపూ లేని అస్త్రం, కడుపులో బిడ్డ దాకా పోయిన పగ. రిన్ కథకి ఇంతకన్నా దగ్గర కథ ఇంకొకటి నాకు కనపళ్ళేదు. దాన్ని తెలుగు చేసింది ఎవరో కాదు, మన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన. ఏడు వందల ఏళ్ళకి పైగా మన ఇళ్ళల్లో ఉన్న పుస్తకం అది. కాబట్టి “మన సంస్కృతికి ఇలాంటి చీకటి కథలు సరిపడవు” అని ఎవరైనా రాస్తే నవ్వి ఊరుకోండి.

ఒక్క తేడా ఉంది. అదే గొడవకంతా మూలం. భారతంలో మనం అశ్వత్థామని బయటి నుంచి చూస్తాం. అతను చేసింది తప్పని చెప్పడానికి కృష్ణుడున్నాడు, శాపం ఉంది, తల మీది మణి ఇచ్చేయాల్సి రావడం ఉంది. ఈ నవలలో మనం మొదటి పేజీ నుంచీ రిన్ తలలో ఉంటాం. పక్కనుండి తప్పు అని చెప్పే గొంతుకి బలం లేదు. జియాంగ్ అనే గురువు ముందే హెచ్చరిస్తాడు, ఆ పిల్ల వినదు, కథ కూడా అతన్ని పక్కకి నెట్టేస్తుంది. శాపం పెట్టే పని రచయిత్రి మనకి వదిలేసింది. కొంతమంది పాఠకులకి అది గౌరవంలా అనిపిస్తుంది. కొంతమందికి రచయిత్రి తప్పించుకున్నట్టు అనిపిస్తుంది. చైనా చరిత్ర తెలిసినవాళ్ళు రిన్‌లో మావో జెడాంగ్ పోలికలు పట్టుకుంటారు. ఆ పోలిక ఉద్దేశపూర్వకమే. అది తెలిస్తే ఈమెని నాయికగా కాకుండా, ఒక నియంత ఎలా తయారవుతాడో చూపించే మనిషిగా చదువుతాం. వెంకటగిరి కుర్రాడికి ఈ సంగతి చెప్పాను. “అయితే నేను ఇంతసేపూ విలన్ పక్షాన వాదించినానా సార్?” అన్నాడు. పక్షం మాత్రం మార్చుకోలేదు.

—

సరే, మీకు ఎవరో పుస్తకం ఇచ్చేటప్పుడు ఏం చెప్పి ఇచ్చారన్నది నాకు ఈ మొత్తంలో ముఖ్యమైన సంగతి. పుస్తకం మీద వచ్చే తిట్లలో సగం పుస్తకానివి కావు, దాన్ని చేతిలో పెట్టినవాడివి. ఇది నేను తిట్లు తిని నేర్చుకున్నాను.

షాపు తెరిచిన రోజుల్లో క్షుద్ర నవలల గాలి వీస్తోంది. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి ఎంత సంచలనం చేసిందో మీ అమ్మగారినో అమ్మమ్మగారినో అడగండి. ఒక చిన్నపాప మీద చేతబడి జరిగే కథ. పత్రికల్లోంచి సీరియల్ పేజీలు విడదీసి బైండు చేయించిన కాపీలు, పుస్తకంగా వచ్చిన కాపీలు కలిపి నా దగ్గర మూడుండేవి. మూడింట్లో ఒక్కటి కూడా ఏనాడూ అరలో ఉండేది కాదు. దాని మీద కూడా ఇప్పుడున్నట్టే రెండు జట్లు. మూఢనమ్మకాలు పెంచుతున్నారని ఒక జట్టు మండిపడేది. రాత్రి చదివి తెల్లారి “తర్వాతది ఉందా” అని అడిగేది ఇంకో జట్టు. ఒక్కోసారి రెండు జట్లలోనూ ఒకే మనిషి ఉండేవాడు, అది వేరే సంగతి.

ఒకరోజు ఎవరో కుర్రాడు “మా అక్క కోసం మంచి నవల” అని అడిగితే అదే ఇచ్చి పంపాను. అక్క ఎవరు, ఏంటి అని అడగలేదు. మూడోరోజు వాళ్ళమ్మ వచ్చి పుస్తకాన్ని కౌంటర్ మీద విసిరేసింది. “ఏమయ్యా, నీకు బుద్ధుండాదా? బిడ్డని కని ఇరవై రోజులు కాలా. రాత్రంతా లైటేసుకుని ఉయ్యాల పట్టుకుని కూర్చోనుండాది. నిద్ర లేదు, పాలు లేవు” అని అరిచింది. పది మంది ముందు నాకు నోట మాట రాలేదు. నవల తప్పు కాదు, ఆ బాలింత తప్పూ కాదు. తప్పు నాది. ఆ రోజు నుంచి ఇలాంటి పుస్తకం ఇచ్చేటప్పుడు ఎవరికని అడిగి, ఒక్క వాక్యం చెప్పి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను.

అలవాటు చేసుకున్నానన్నానే గానీ, ఈ పాపీ వార్ దగ్గర మళ్ళీ పప్పులో కాలేశాను. నేనే పూర్తిగా చదవకుండా, స్కూలు భాగం నచ్చిన ఊపులో, పదో తరగతి పిల్లకి “హాస్టల్ కథ, బాగుంటుంది” అని ఇచ్చాను. రెండు వారాల తర్వాత తెచ్చింది, ఏం మాట్లాడలేదు. బాగుందా అంటే “చివర్లో బాగాలేదు తాతయ్యా” అని వెళ్ళిపోయింది. తర్వాత రెండు నెలలు మళ్ళీ మెట్లెక్కలేదు. ఆ రాత్రి కూర్చుని నేను మిగతా పుస్తకం చదివాను.

తెల్లారి ఒక చీటీ రాసి 21వ అధ్యాయం ముందు పేజీకి అంటించాను. “ఇక్కడ నుంచి అధ్యాయం చివరిదాకా చాలా దారుణంగా ఉంటుంది. దాటేసినా కథ అర్థమవుతుంది. కితాయ్ బతికే ఉన్నాడు, అది తెలిస్తే చాలు.” కితాయ్ అంటే రిన్ స్నేహితుడు, అతను ఉన్నాడో పోయాడో తెలియకపోతే తర్వాతి భాగం గజిబిజి అవుతుంది కాబట్టి ఆ ముక్క పెట్టాను. చీటీ కింద చదివినవాళ్ళు పెన్సిలుతో ఏదో ఒకటి రాసి పెట్టడం మొదలుపెట్టారు. “దాటాను.” “దాటలేదు.” “దాటాల్సింది.” ఒకరు మాత్రం “మా తాత యుద్ధంలో జపాను వాళ్ళకి భయపడి బర్మా నుంచి నడిచొచ్చాడు, ఆయన చెప్పినవి ఇంతకంటే తక్కువేం కాదు” అని రాశారు. చేతిరాత నేను గుర్తుపట్టలేకపోయాను.

ఇప్పుడు మీ సంగతికొద్దాం. పుస్తకం మధ్యలో ఆపడం రెండు రకాలు. విసుగొచ్చి ఆపడం ఒకటి, మనసు గాయపడి ఆపడం ఒకటి. మనసు గాయపడి ఆపినవాళ్ళకి నేను ఎప్పుడూ “చదవండి చదవండి” అని చెప్పను. నవల పూర్తి చేసినందుకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. మీది ఆ బాపతు కాదు, ముట్టడి పేజీల్లో వేగం తగ్గి ఆగారు. అలా ఆగినవాళ్ళు ఇంకొక్క నలభై, యాభై పేజీలు ఈడ్చుకుంటూ వెళ్తే కథ మళ్ళీ అందుకుంటుంది. సైనికాధికారుల తగాదాలు పైపైన చూసుకుంటూ పోండి, ఏం నష్టం లేదు. ఆల్టన్ అనే దళనాయకుడు ఉన్న సన్నివేశాలు మాత్రం వదలకండి. రిన్ అలా ఎందుకు మారిందో అతన్ని చూస్తేనే తెలుస్తుంది. అతని పాత్రని ఇంకా లోతుగా రాయాల్సిందని నా ఫిర్యాదు, అయినా ఉన్నంతలో అతనే ఈ పుస్తకానికి ఇరుసు.

రాత్రిళ్ళు చదవకండి. ఇది హేళనగా అనడం లేదు. హాస్టల్లో అందరూ పడుకున్నాక ఫోన్ లైటులో చదివితే మూడో భాగం రెండింతలు బరువుగా ఉంటుంది. పగలు, నలుగురూ తిరిగే చోట కూర్చుని చదవండి. మీ రూమ్మేటు ఎలాగూ చదివేశారు కదా, అయ్యాక ఆవిడతో ఒక గంట పోట్లాడండి. ఈ నవల ఒంటరిగా చదివి మనసులో పెట్టుకోవడానికి కాదు, పోట్లాడుకోవడానికే బాగుంటుంది. ఆవిడకి ఏ భాగం “బెస్ట్” అనిపించిందో అడగండి. పందెం కాస్తాను, సినెగార్డ్ గురించే చెబుతారు.

తమ్ముడి విషయం. పదహారేళ్ళ కుర్రాడు ఇలాంటివి చదవకూడదని కాదు. వాళ్ళు ఫోన్లో ఇంతకంటే ఘోరమైనవి చూస్తూనే ఉన్నారు, ఆ సంగతి మనకీ తెలుసు. నా భయం వేరే. ఇంటర్ కుర్రాళ్ళు ఈ పుస్తకంలో మొదటి భాగాన్ని పట్టుకుని వదలరు. మైనం కార్చుకుని చదివితే ర్యాంకొస్తుంది అన్నది వాళ్ళ బుర్రలో దిగిపోతుంది. రచయిత్రి దాన్ని గొప్పగా చూపించలేదు. తనని తాను కాల్చుకోవడం అలవాటైన పిల్ల చివరికి లోకాన్ని కాల్చింది అన్నది అసలు వరస. ఆ వరస పట్టుకోవాలంటే చివరిదాకా చదవాలి, చదివి ఎవరితోనైనా మాట్లాడాలి. స్టడీ అవర్ల మధ్య, వార్డెన్‌కి కనపడకుండా చదివే కుర్రాడికి ఆ తీరిక ఉండదు. పరీక్షలు కానివ్వండి. అప్పటికీ అడిగితే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు నాన్‌జింగ్ సంగతి ముందే చెప్పండి, 21వ అధ్యాయం ముందు నాలాగా ఒక చీటీ పెట్టండి. మీకంటే ముందు వాడే కొని తెచ్చుకుంటే లాక్కోవద్దు, లాక్కుంటే ముందు ఆ అధ్యాయమే వెతుక్కుని చదువుతాడు. పక్కన కూర్చుని మీరూ చదవండి.

ఇంకొక్క మాట. దీనికి 2019లో రెండోది, 2020లో మూడోది వచ్చాయి. ఆ రెండూ ఇప్పుడే కొనకండి. మూడూ కలిపి డిస్కౌంటులో వస్తున్నాయని ఒకేసారి తెప్పించుకున్నవాళ్ళు ఆనక మా మేడ మీద ఇచ్చేసి వెళ్తుంటారు. రెండోవి నాలుగు, మూడోవి నాలుగు ఉన్నాయి నా దగ్గర, వెన్ను మీద ఒక్క గీత లేకుండా. మొదటిది పూర్తయ్యాక కావాలనిపిస్తే రాయండి, ఒంగోలు వైపు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపుతాను.